కుడివైపు అద్దం

"ఆడమనిషి బండెక్కుడంటే ఒక పద్ధతుంటది. గుర్రమెక్కినట్టు కాళ్లు రెండు పక్కలేసుకొని రోడ్డెంట పోతే నలుగురు నవ్వరా?" మా అత్త సీతాబాయి ఈ పాట మళ్ళీ ఎత్తుకుని ఇది నాలుగో రోజు. రాత్రి ఎక్కడ ఆపిందో పొద్దున సరిగ్గా అక్కడే అందుకుంది, టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే.

"నాయనమ్మా, మనోళ్లు ఎనకట ఎడ్లమీద ఉప్పు మోసుకుంట దేశాలు తిరిగిన్రని చెప్తవ్ గద. గప్పుడు ఆడోళ్లు ఎట్ల కూసున్నరే? ఒక్క పక్కకేనా?" నా కూతురు హారిక పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది.

"ఎద్దుకు తెలివుంటది బిడ్డా. మీద ఆడది ఉన్నదని మెల్లగ నడుస్తది. గీ బండికేం తెలుసు?"

"నడిపేటాయనకు తెలుస్తది గద!"

నేను టిఫిన్ డబ్బా మూత నొక్కుతున్నాను. మూత పట్టడం లేదు. నడిపే ఆయనకు ఏం తెలుస్తుందో, ఏం కనిపిస్తుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. బయట వేపచెట్టు కింద నా భర్త దేవేందర్ పాత బనియను గుడ్డతో బండి ట్యాంకు తుడుస్తున్నాడు. ఎడమవైపు మెరుస్తోంది. కుడివైపు ట్యాంకు అంచున నిన్నటి దుమ్ము అలాగే ఉంది. రోజూ ఆయన లోపలికి వెళ్లాక నేను కొంగుతో ఆ దుమ్ము తుడిచేస్తాను. ఎవరూ చూడకముందే.

ఆయన కుడి కన్ను పోయి ఆరు నెలలైంది. ఒక్కరోజులో పోలేదు, నూనె అయిపోతున్న దీపంలా కొంచెం కొంచెంగా పోయింది. కంచంలో కుడిపక్కన వేసిన పచ్చడి అలాగే మిగిలిపోవడం మొదట చూసింది నేనే, పచ్చడి బాగా లేదేమోనని రెండు రోజులు బాధపడ్డాను కూడా. తర్వాత తలుపు చెక్కకు కుడి భుజం కొట్టుకోవడం, చేతికిచ్చిన గ్లాసు పక్కనుంచి చెయ్యి పోవడం. మిర్యాలగూడలో చూపించుకుంటే మావాళ్లెవరో ఒకరు ఎదురుపడతారని సూర్యాపేట దాకా వెళ్లాం. కంట్లో ప్రెషర్ పెరిగి నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు, పోయిన చూపు రాదు, ఉన్న కన్నునైనా చుక్కలేసుకుని కాపాడుకోండి, బండి మాత్రం నడపొద్దు. ఆ చివరిమాట ఆయన విననట్టే చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు. సూర్యాపేట బస్టాండులో చెరకురసం తాగుతూ, "ఇంట్ల చెప్పకు జమునా. మిల్లుల తెలిస్తే కాంటా కాడికెళ్లి తీసేస్తరు," అన్నాడు. రైసు మిల్లులో వడ్ల లారీల బరువు చూసే కాంటా దగ్గర పంతొమ్మిదేళ్లుగా ఆయనే. బండి ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు, కాబట్టి బండి మానలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఎంత వింతగా ఉంది, ఒక ప్రశ్నకు భయపడి.

"అమ్మా, రేపు పొద్దుగాల నాలుగున్నరకే లేపు. బాపూ నేనూ ఐదుకు ఎల్లుతం. ఏడున్నరకు లోపలుండాలె," అంది హారిక. కోదాడలో రేపు దాని ఎంట్రెన్స్ పరీక్ష. ఆ వేళకు అందేలా ఇక్కడినుంచి బస్సు లేదు. ఇయ్యాలే పోయి అక్కడ ఉందామని మూడు రోజులుగా అంటున్నాను. దాని స్నేహితురాలు ప్రవళిక ఇల్లు పరీక్ష సెంటరు పక్క వీధిలోనే. "బాపు తీస్కపోతడు గద, ఎవరింట్లనో ఎందుకు పండుడు? నీకు మా మీద నమ్మకమే లేదు," అని మొన్న అలిగింది. ముగ్గురం ఒక బండి మీద పట్టం. అంటే రేపు తెల్లవారకముందు, డెబ్బై కిలోమీటర్లు, ఆయన వెనక నేనుండను. పిల్ల ఉంటుంది, ఫిజిక్సు సూత్రాలు గొణుక్కుంటూ.

ఈ రోజు నేను చీర కట్టాను. వేములపల్లిలో నా అంగన్‌వాడీ కేంద్రానికి సూపర్‌వైజర్ ఎనిమిదిన్నరకే వస్తానంది. రోజూలా డ్రెస్సులో వెళ్లి అక్కడ చీర మార్చుకునే తీరిక లేదు. చీర చూడగానే అత్త ముఖం విప్పారింది, తన మాట నెగ్గిందనుకుంది. "గిట్ల కూసో. గిది సంసారి లక్షణం," అని గేటు దాకా వచ్చి మరీ చూసింది. గొడవ ఇంతటితో ఆగుతుంది కదా అని, ఒక్క రోజే కదా అని, నేను ఎడమవైపుకు రెండు కాళ్లూ వేసి కూర్చున్నాను. చీర చక్రంలో పడకుండా ఉండే ఇనుప జాలీ మీద నా మడమలు పాత అలవాటుగా ఆనాయి. అద్దం సరిచేయడం మర్చిపోలేదు. రోజూ నేను ఎక్కాక, ముందుకు వంగి, కుడివైపు అద్దాన్ని నాకు కనిపించేలా తిప్పుకుంటాను, ఆయనకు దానితో పని లేదు కదా. ఆయన ఏమిటని అడగడు. తిప్పేదాకా గేరు వెయ్యడు, అంతే. ఈ రోజు కూడా తిప్పాను కానీ పక్కకు కూర్చున్నాక ఆ అద్దంలో నాకు కనిపించింది ఆయన చెవి, కొంచెం ఆకాశం.

తండా దాటి, మాడుగులపల్లి టోల్‌గేటు పక్కన బైకులు దూరిపోయే సందులోంచి బయటపడి రోడ్డెక్కాం. ఈ బండి కొన్నప్పుడు హారికకు రెండేళ్లు. మిర్యాలగూడ షోరూంలో నిమ్మకాయలు తొక్కించి, పూలదండ వేసి తెచ్చాం. పిల్ల ట్యాంకు మీద, నేను వెనక ఒక పక్కకు. అప్పటినుంచి పదహారేళ్లు ఈ రోడ్డును నేను సగం సగమే చూశాను. పోతున్నప్పుడు ఒక సగం, అందులో సిమెంటు ఇటుకల బట్టీ, పెట్రోలు బంకు, చిన్న చర్చి, వరుసగా పొలాలు. వస్తున్నప్పుడు రెండో సగం, దాబా, కొబ్బరిబోండాల బండి, కాలువ తూము. ముందు ఏం వస్తోందో ఎప్పుడూ చూడలేదు. ఆయన చూసేవాడు, నాకెందుకు. వెళ్లిపోయినవే నాకు కనిపించేవి. ఆరు నెలల కింద మొదటిసారి డ్రెస్సు వేసుకుని రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చున్న రోజు, ఆయన భుజం మీదుగా రోడ్డంతా ఒక్కసారిగా నా మీదికి వస్తుంటే ఊపిరి బిగపట్టాను. ఇంత రోడ్డా, ఇన్ని బండ్లా, ఇన్నాళ్లూ వీటి మధ్యలోంచేనా ఈ మనిషి నన్ను తీసుకుపోతున్నాడు అనిపించింది. ఆయన తల వెనక జుట్టు తెల్లబడిందని కూడా ఆ రోజే చూశాను.

ఆ రోజే మొదలైంది నా చెయ్యి పని. కుడినుంచి లారీ దాటేస్తుంటే కుడి భుజం మీద నొక్కాను, భయంతో నొక్కాను, సైగ అనుకోలేదు. ఆయన కొంచెం ఎడమకు జరిగాడు. మర్నాడు మళ్ళీ. వారం తిరిగేసరికి అదొక భాషయింది. ఒకసారి నొక్కితే కుడిన ఏదో వస్తోంది, రెండుసార్లు తడితే పోయింది, నడుం మీద చెయ్యి వేస్తే స్పీడు బ్రేకరు. మా ఇంట్లో రెండు భాషలున్నాయి, తండాలో మాట్లాడేది ఒకటి, తెలుగు ఒకటి. ఈ మూడోదాని గురించి ఆ రెండిట్లో ఏ భాషలోనూ మేం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేను వేములపల్లిలో దిగాలి, నిజానికి. దిగకుండా మిల్లు దాకా పోయి, ఆయన్ను గేటులో వదిలి, ఆటోలో పన్నెండు కిలోమీటర్లు వెనక్కి వస్తాను. సాయంత్రం మళ్ళీ ఆటోలో మిల్లుకు. మొగుణ్ణి ఒక్క నిమిషం వదలడం లేదని మా కేంద్రం ఆయా వెక్కిరిస్తుంది. ముసలితనంలో కొత్త పెండ్లికూతురు అంటుంది. నవ్వుతాను. ఈ రోజు మాత్రం వేములపల్లిలో దిగక తప్పదు, సూపర్‌వైజర్, తర్వాత ఆయనొక్కడే, మిల్లు దారిలో ఆ ఫ్లైఓవరు, ఆ లారీలు, తర్వాత రేపు, రేపు కోదాడ రోడ్డు మీద తెల్లవారుజామున ఎదురుగా లైట్లు. హారికకు ఈ నొక్కడాల సంగతి తెలియదు. నేర్పించనా? ఏమని నేర్పించను? మీ బాపు భుజం మీద చెయ్యేసి కూర్చో, కుడినుంచి ఏదైనా వస్తే నొక్కు, ఎందుకని మాత్రం అడగకు. పిల్ల అడుగుతుంది. మా పిల్ల అన్నీ అడుగుతుంది.

మెడ తిప్పి తిప్పి నొప్పి పుడుతోంది. కుడివైపు చూడాలంటే నడుం దాకా తిరగాలి. తిరిగితే చీర జారుతుంది, కొంగు ఎగురుతుంది. ఏప్రిల్ ఎండ ఎనిమిదికే వీపు కాలుస్తోంది. ఎడమన కోసేసిన మళ్లు, మోళ్లు, గడ్డి మోపులు. మా నాయన బాల్యాకు మోపెడ్ ఉండేది, పాలక్యాన్లు కట్టుకుని వేములపల్లి పోయేవాడు. పన్నెండేళ్లకే నేను దాన్ని తండా చుట్టూ తిప్పేదాన్ని, రెండు క్యాన్లు కట్టి కూడా. పెద్దమనిషినైన వారం మా అమ్మ తాళం చెవి పోపుల డబ్బాలో దాచింది. జీలకర్ర వాసన వేసే తాళం చెవి. నేను వెతకలేదు కూడా, ఎందుకు వెతకలేదో, ఆ గాలి మాత్రం, చెవుల పక్కనుంచి పోయే ఆ గాలి, అది వేరు, వెనక కూర్చుంటే వచ్చే గాలి వేరు, ముందున్న మనిషి వీపుకు తగిలి విరిగి వస్తుంది

నీడ పడింది. ముందు నీడే చూశాను, నా ఒళ్లో, చీర మీద, పెద్దది. తలతిప్పేసరికి డివైడరు సందులోంచి గడ్డి ట్రాక్టరు సగం మా దారిలోకి వచ్చేసి ఉంది. ఇంటి ఎత్తున గడ్డి. నా చెయ్యి ఆయన కుడి భుజాన్ని నొక్కలేదు, గుద్దింది. ఆయన ఎడమకు విసురుగా తిప్పాడు. తారు అంచు దిగింది బండి, మొరం మీద జారింది, ఇంజను అరిచింది, తర్వాత చాలా నెమ్మదిగా, అలసిపోయిన గేదె పడుకున్నట్టు, ఒక పక్కకు ఒరిగింది. నేను ముందే దూకేశానో, అదే నన్ను దింపిందో తెలియదు. మోకాలు చీరుకుంది. నా చీర కుచ్చిళ్లు ఆ ఇనుప జాలీకి, నేలకు మధ్య ఇరుక్కున్నాయి. జాలీ వంగింది గానీ చక్రాన్ని అంటలేదు. టిఫిన్ డబ్బా మూత ఊడి అన్నం మట్టిలో తెల్లగా.

ట్రాక్టరు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపకుండానే దూకి వచ్చాడు. "ఓ పెద్దమనిషీ! కండ్లు కనవడ్తలేవా? ఇంత పెద్ద గడ్డి లోడు కనవడ్తలేదా నీకు?"

ఈ రోడ్ల మీద అందరూ అందరినీ తిట్టే తిట్టే అది. రోజుకు పదిసార్లు వినబడుతుంది. నేను నోరు తెరిచాను, నువ్వు అట్ల ఎట్ల అడ్డమొస్తవ్ అని అనడానికి. దేవేందర్ లేచి మోచేతికి అంటిన మొరం దులుపుకున్నాడు.

"లేదు తమ్మీ," అన్నాడు. "కుడిది కనవడది. ఆరు నెలలాయె."

ఆయన నోటినుంచి ఆ మాట నేను కూడా వినలేదు ఇప్పటిదాకా. నాతో అనలేదు. నా ఒక్కదానితో అనలేని మాట దారిన పోయే మనిషితో అనేశాడు.  డ్రైవరు బండి హ్యాండిల్ పట్టుకుని లేపి స్టాండు వేశాడు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నీకు ఎరుకేనా అక్కా?" అన్నాడు.

"ఎరుకే," అన్నాను.

"ఎరికుండి ఎక్కినవా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. "జర పైలం," అని వెళ్లిపోయాడు. గడ్డి పరకలు చాలాసేపు గాల్లో తేలాయి.

ఎరికుండి ఎక్కాను. ఎక్కడమే కాదు, పొమ్మన్నాను. నేను కాపాడుతున్నాననుకున్నాను ఆరు నెలలుగా, ఈ చెయ్యి లేకపోతే ఏమయ్యేదోనని రాత్రుళ్లు నా చెయ్యిని నేనే చూసుకున్నాను. నా చెయ్యి లేకపోతే ఆయన ఆ మొదటి వారమే ఆపేసేవాడు. మొదటిసారి నొక్కినప్పుడే నేను ఆయనకు చెప్పేశాను, నువ్వు నడపగలవు అని. ప్రతి నొక్కుతో మళ్ళీ మళ్ళీ చెప్పాను. రేపు ఆ నమ్మకంతోనే పిల్లను ఎక్కించుకునేవాడు. ఇన్నాళ్లూ ఈ బండిని నడిపింది నేనే. చేతులే హ్యాండిల్‌కు అందలేదు.

ఆయన కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. "రేపు పిల్ల..." అన్నాడు, అక్కడితో ఆగిపోయాడు. నేను సూపర్‌వైజర్‌కు ఫోను చేసి బండి జారిపడ్డామని చెప్పాను. మిల్లుకు ఆయన చేశాడు. ఫోను పెట్టేశాక ఇద్దరికీ ఏం చేయాలో తెలియలేదు. మట్టిలో అన్నాన్ని చీమలు అప్పుడే కనిపెట్టాయి.

"తాళం ఇయ్యి," అన్నాను.

"నీకు గేర్లు రావు."

"ఎనక కూసోని చెప్పు."

కాలువ కట్ట మీదుగా మా తండాకు పాతదారి ఉంది, ఎవరూ పోరు, వడ్లు ఆరబోసుకునేవాళ్లు తప్ప. అక్కడిదాకా ఇద్దరం బండిని నెట్టుకుంటూ పోయాం. నేను చీర కుచ్చిళ్లు ఎగదోపి, గోచీలా వెనక్కి తీసి బిగించాను, నాట్లప్పుడు మా అమ్మ బిగించినట్టు. కూర్చున్నాను. హ్యాండిల్ రబ్బరు ఆయన అరచేతి ఆకారంలో అరిగి ఉంది, నా చెయ్యి అందులో సరిగ్గా ఇమడలేదు. ఎడమచెయ్యి క్లచ్చు, ఎడమకాలు గేరు, కుడిచెయ్యి ఎక్సలేటరు, క్లచ్చు వదులుతుంటే అది పెంచాలి, ఇది పొయ్యి మీద పాలూ పెనం మీద రొట్టే చూసుకోవడం లాంటిదే అనుకున్నాను. కాదు. మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి కప్పలా ఎగిరింది. ఆయన వెనక కూర్చుని మొదట నోటితో చెప్పాడు, క్లచ్చు, క్లచ్చు, ఇగ ఇడువు, మెల్లగ. ఇంజను చప్పుడులో నాకు వినబడలేదు. అప్పుడు ఆయన చెయ్యి నా ఎడమ భుజం మీద నొక్కింది. క్లచ్చు పట్టాను. రెండుసార్లు తట్టింది. వదిలాను. బండి కదిలింది, ఆగకుండా కదిలింది, రెండో గేరులో, నడిచే మనిషికన్నా కొంచెం ముందుగా, ఆ గాలి మళ్ళీ తగిలింది, విరగని గాలి, జీలకర్ర వాసన గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి, కళ్లు చెమ్మగిల్లితే దారి కనిపించదని భయమేసి గట్టిగా ఆర్పాను.

కట్ట మీద జమ్లీ పెద్దమ్మ సగం దారి నిండా వడ్లు ఆరబోసి కాపలా కూర్చుంది. నన్ను చూసి కర్రతో లేచింది. "ఓ జమునా! నువ్వేనానే! ఎప్పుడు నేర్సినవే? నా వడ్లు తొక్కితే ఊకోను సూడు!"

"ఇప్పుడే నేరుస్తున్న పెద్దమ్మా, జరుగు!" అని అరిచాను. హారను ఎక్కడుందో తెలియలేదు. అంచున ఒక చారెడు తొక్కాను కాబోలు, వెనకనుంచి తిట్లు చాలా దూరం వచ్చాయి. నా వీపు వెనక ఏదో కదులుతోంది. ఆయన నవ్వుతున్నాడేమో అనుకున్నాను. నవ్వు కాదు. చెయ్యి మాత్రం భుజం మీదే ఉంది. నేను తిరిగి చూడలేదు. కుడివైపు అద్దాన్ని ఒక్క వేలితో నా వైపుకు తిప్పుకున్నాను. అందులో కట్ట, కాలువ, ఎండ, దూరంగా కర్ర ఊపుతున్న జమ్లీ. అన్నీ సరిగ్గా కనిపించాయి.

ఇంటిముందు ఆపడం రాక గోడకు ఆనించి ఆపాను. అత్త చేటలో బియ్యం అలాగే పట్టుకుని లేచి నిలబడింది. నా గోచీ, నా మోకాలి రక్తం, వెనక తన కొడుకు, వంగిన జాలీ, ఒక్కొక్కటీ చూసింది. "ఇగ ఇదొక్కటే తక్కువుండె," అంది, కానీ ఆ మాటలో పొద్దుటి బలం లేదు. హారిక పుస్తకం చేత్తోనే పరుగెత్తుకొచ్చింది.

కన్ను సంగతి నేను చెప్పలేదు. అది ఆయనది. ఆయన తల్లిని మంచం మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు, మా భాషలో మెల్లగా, నాలుగు మాటల్లో చెప్పాడు. యాడీ అని మొదలుపెట్టాడు, చిన్నప్పుడు అమ్మను పిలిచినట్టు. అత్త చెయ్యి ఎత్తి ఆయన కుడి కన్ను ముందు అటూ ఇటూ ఊపింది. ఆ కన్ను రెప్ప వెయ్యలేదు. ఆమె చెయ్యి అక్కడే గాల్లో ఉండిపోయింది. హారిక నా వైపు చూసింది. ఇన్నాళ్లూ నీకు తెలుసా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నా మోకాలి వైపు చూసి లోపలికి పోయి నీళ్ల చెంబు తెచ్చింది.

మోకాలు కడుక్కుంటూనే చెప్పాను, సాయంత్రం కూర ఏం వండాలో చెప్పినంత మెల్లగా. "హారికా, బట్టలు సర్దుకో. మూడింటి బస్సుకు నువ్వూ నేనూ కోదాడ పోతున్నం, రాత్రి ప్రవళిక ఇంట్ల పండుకుంటం. వచ్చినంక నేను లైసెన్సుకు పెడుత. దినాం కట్ట మీద నేర్చుకుంట. అప్పటిదాంక బండి గీ గోడకే ఉంటది, తాళం నా దగ్గరుంటది. అటెన్క నేనే నడుపుత. మీ బాపు ఎనక కూసుంటడు."

 దేవేందర్ లేచి, బండి ట్యాంకు కుడివైపు చేత్తో తడిమి, దుమ్ము తగిలిన చోట గుడ్డ పెట్టి తుడవడం మొదలుపెట్టాడు.

అత్త చేటలో బియ్యాన్ని ఒకసారి చెరిగింది. "కాళ్లు రెండు పక్కలేసి కూసోమను," అంది. "లేకుంటే పడ్తడు."